చెరువులో నీళ్లున్నాయో లేదో మోడల్‌కు ఎవరు చెప్పాలి?

(తిరుపతిలో కాలేజీ విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలిసి కూర్చున్న ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో మూడింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం. పరిచయంలో నా గురించి చాలా గొప్పగా చెప్పారు. ఆ గొప్ప కొంచెం తగ్గేలా, ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను.

కొన్నేళ్ల కిందటి మే నెల. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్‌ను మన ప్రాంతానికి నడుపుతున్నాను. మోడల్ అంటే వాతావరణాన్ని కంప్యూటరులో లెక్కగట్టే ప్రోగ్రాము. అమెరికాలో తయారై, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇచ్చినది ఇది. మన యూనివర్సిటీల్లో వాతావరణం మీద పరిశోధన చేసే పిల్లలకు దీంతోనే తెల్లారుతుంది, దీంతోనే పొద్దుగూకుతుంది. రాత్రంతా నడిచింది. పొద్దున మ్యాపు వేసి చూస్తే, మధ్యాహ్నం 2 గంటలకు చిత్తూరు, తిరుపతి చుట్టూ అంతా ఎరుపు. 41, 42 డిగ్రీలు. ఆ ఎరుపులో అక్కడక్కడా చిన్న నీలం చుక్కలు. ఒక చుక్కను పెద్దది చేసి చూశాను. చుట్టూ గాలి 42లో ఉంటే అక్కడ 35. ఏమిటా అని చూస్తే, ఒక చెరువు! నాకు భలే సంతోషమేసింది. మోడల్ మన ఊరి చెరువును కూడా పట్టుకుంది చూడండి అని పక్క సీటాయన్ను పిలిచి చూపించాను.

ఆయన నాకంటే పెద్దాయన. కాఫీ గ్లాసు పట్టుకునే వచ్చి, "నీళ్ల వేడి ఎంతుందో చూడు నాయనా" అన్నారు. చూశాను. 30. "రాత్రికి?" 30. "రేపటికి?" 30. "ఎల్లుండికి?" అప్పటికే నా గొంతు తగ్గిపోయింది. మే నెలలో ఏ చెరువైనా పగలూ రాత్రీ, రోజుల తరబడి ఒకే వేడిలో ఉంటుందా?

జరిగిందేమిటంటే, మోడల్ మొదలయ్యే ముందు నీటి ఉపరితలం ఎంత వేడిగా ఉందో దానికి మనం ఒక ఫైలులో ఇవ్వాలి. ఆ ఫైలులో సముద్రాలుంటాయి, మహా అయితే పెద్ద పెద్ద సరస్సులుంటాయి. మన చెరువులుండవు. మోడల్ భూమిని చిన్న చిన్న గళ్లుగా కోసుకుంటుంది. నేల లోపల ఎక్కడైనా నీటి గడి కనబడితే, ఆ ప్రోగ్రాము దగ్గర్లో నీళ్లెక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతుంది. మనకు దగ్గర నీళ్లంటే బంగాళాఖాతం. సుమారు వంద కిలోమీటర్ల అవతలి సముద్రపు వేడిని తెచ్చి మన చెరువులో పోసేసింది. ఇలా జరుగుతుందని, సముద్రానికి బదులు ఆ చోటి గాలి సగటు ఉష్ణోగ్రతను వాడుకోమని, మోడల్ వాడేవాళ్ల పుస్తకంలో రాసే ఉంది. నేనే చదవలేదు.

సరే, దిద్దుకున్నాను. కానీ మనసు ఊరుకోలేదు. ఆ ఆదివారం బండేసుకుని ఆ చెరువు దగ్గరికే పోయాను. కట్ట ఎక్కి చూస్తే చుక్క నీళ్లు లేవు. బీటలు వారిన ఒండ్రు, ఒక మూల సర్కారు తుమ్మ, నడిమధ్యలో రాళ్లు పేర్చి వికెట్లు పెట్టుకుని క్రికెట్ ఆడుతున్న పిల్లలు. వాళ్ల నెత్తిన 42 డిగ్రీల ఎండ. నా మ్యాపులో వాళ్లు నీళ్ల మీద, 35 డిగ్రీల చల్లదనంలో ఆడుతున్నారు.

ఆ రోజు నుంచి ఏ వాతావరణ మ్యాపు చూసినా, నీలం చుక్క కనబడగానే నాకు మొదట వచ్చే సందేహం ఇదే: అక్కడ నిజంగా నీళ్లున్నాయా?

ముందు, నీళ్లుంటే ఏం చేస్తాయో చూద్దాం. సాయంకాలం చెరువుకట్ట మీద కూర్చున్నవాళ్లకు దీన్ని నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నీటి మీంచి గాలి వస్తుంటే ప్రాణం లేచొస్తుంది. అదే గాలికి ఎదురుగా, అవతలి గట్టుకు పోతే ఆ సుఖం లేదు. గాలివాటం వైపు కూడా కట్ట దిగి నాలుగు చేలు దాటేసరికి చల్లదనం కరిగిపోతుంది. చిన్న చెరువు చేయగలిగింది అంతే. అయితే ఆ కాస్త చోట చేసే పని మాత్రం గట్టిగానే చేస్తుంది.

కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4,186 జౌళ్ల శక్తి కావాలి. ఎండిన మట్టికి అందులో ఐదో వంతు చాలు. పైగా మట్టి మీద పడ్డ ఎండ పైపొరలోనే ఉండిపోతుంది. జానెడు లోతుకు పోతే పగటికీ రాత్రికీ పెద్ద తేడా తెలియదు. నీళ్లు అలా కావు, వెలుతురు లోపలికి దిగుతుంది, గాలి వచ్చి కలియబెడుతుంది. ఒకే ఎండ, ఒకచోట పలచటి పొరను మాడుస్తుంది, ఇంకోచోట లోతంతా పంచుకుంటుంది. అందుకే మే మధ్యాహ్నం ఇసుకలో కాలు పెట్టలేం, నీళ్లలో పెట్టగలం.

ఇక ఆవిరి సంగతి. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో అందరికీ తెలుసు. చెరువు కూడా అలాంటి కుండే. ఒక చదరపు కిలోమీటరు చెరువు నుంచి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైందనుకుందాం. అంటే 50 లక్షల లీటర్లు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 24.5 లక్షల జౌళ్లు పడతాయి. లెక్క వేస్తే మొత్తం దాదాపు 34 లక్షల యూనిట్ల కరెంటంత. మీ ఇంటి మీటరులో తిరిగే యూనిట్లే. ఒక్క రోజులో అంత వేడిని ఆ చెరువు, గాలికి పోనివ్వకుండా ఆవిరిలో మూటగట్టి పంపేస్తోంది.

రాత్రి కథ తిరగబడుతుంది. నేల గబగబా చల్లారుతుంది, నీళ్లు చల్లారవు. జనవరి తెల్లవారుజామున చెరువు మీద పొగలు లేవడం చూసే ఉంటారు. నీళ్లు గాలికంటే వెచ్చగా ఉన్నాయని దానర్థం. కాబట్టి చెరువంటే చల్లటి చుక్క అని బట్టీ పట్టకండి. వేసవి మధ్యాహ్నం అది నీలం చుక్క, చలికాలం తెల్లవారితే అదే చెరువు ఎర్ర చుక్క.

ఇదంతా మోడల్‌కు ఎలా తెలుస్తుంది? మోడల్ భూమిని గళ్లుగా కోస్తుంది, మన గళ్ల తువ్వాలు లాగ. ప్రతి గడికీ ఒక ఉష్ణోగ్రత. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం, ఈసీఎండబ్ల్యూఎఫ్ అంటారు, 1940 నుంచి గంట గంటకూ ప్రపంచ వాతావరణాన్ని తిరిగి లెక్కగట్టి ఎరా5 పేరుతో ఇచ్చింది. అందులో గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు. అంటే 961 చదరపు కిలోమీటర్లు ఒకే గడి. మన ఒక చదరపు కిలోమీటరు చెరువు అందులో వెయ్యో వంతు. చెరువు మీద గాలి 7 డిగ్రీలు చల్లగా ఉన్నా గడి సగటులో వచ్చే తేడా 0.007 డిగ్రీ. ఎవడిక్కావాలి?

ఇప్పుడు గడి చిన్నది చేస్తూ రండి. అదే ఈసీఎండబ్ల్యూఎఫ్ రోజూ నడిపే మోడల్‌లో గడి 9 కిలోమీటర్లు. తేడా 0.09. మన దేశం 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు. తేడా 0.2. పరిశోధనకు నేను నడిపినట్టు 3 కిలోమీటర్లకు తెస్తే 0.8. ఒక కిలోమీటరుకు తెస్తే ఆ గడంతా చెరువే, 7కు 7 డిగ్రీలూ కనబడతాయి. చాలా మోడళ్లలో ఇంకో మెలిక కూడా ఉంది. గడిలో ఎక్కువ వాటా దేనిదైతే గడంతా దానిదే. సగానికి కాస్త ఎక్కువ నీళ్లుంటే గడి మొత్తం నీళ్లు, కాస్త తక్కువుంటే మొత్తం నేల. మోడల్ ఎంత సూక్ష్మమైతే అంత నిజమని మనవాళ్లకు ఒక నమ్మకం. 31 కిలోమీటర్ల గడిలో, చెరువు ఎండిందో నిండిందో తెలియకపోయినా కొంప మునగదు. 1 కిలోమీటరు గడిలో అదే తెలియనితనం 7 డిగ్రీల అబద్ధమై కూర్చుంటుంది.

ఇక లోతు. నాకు అన్నిటికంటే ఇష్టమైన గొడవ ఇదే. సరస్సుల కోసం ఎఫ్‌లేక్ అని ఒక చిన్న మోడల్ ఉంది. 2015లో ఈసీఎండబ్ల్యూఎఫ్ దాన్ని తన రోజువారీ అంచనాల్లోకి తెచ్చుకుంది. చాలా తెలివైనది. నీటిని రెండు పొరలుగా చూస్తుంది. పైన గాలి కలియబెట్టిన పొర, అంతా ఒకే వేడి. కింద లోతుకు పోయేకొద్దీ చల్లబడే పొర. అయితే దానికి లోతెంతో మనం చెప్పాలి. ప్రపంచంలో లోతు కొలిచిన సరస్సులు ఎన్ని? కొలవనివాటికి ఏదో ఒక అంకె పెట్టేస్తారు. ఒకరు 10 మీటర్లంటారు, ఇంకొకరు 25 అంటారు. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో సరస్సు మోడల్ వేరే ఉంది, అందులో ఎవరూ చెప్పకపోతే 50 మీటర్లు. యాభై మీటర్ల చెరువు! మన కట్టలెన్ని నిలబెడితే అంత లోతు? ఒకే ఎండకు 1 మీటరు లోతు చెరువు ఒక డిగ్రీ పెరిగిందనుకుంటే, అరమీటరు కుంట రెండు డిగ్రీలు పెరుగుతుంది, బాగా కలిసిన 10 మీటర్ల నీరు పదో వంతు డిగ్రీ. లోతు తప్పు చెప్పామంటే చెరువు పగటి వేడి, రాత్రి చల్లన రెండూ మాయమవుతాయి. దానికి తోడు మన చెరువులు వానాకాలం ఎర్రనీళ్లు. ఒండ్రు కలిసిన నీళ్లలో వెలుతురు లోతుకు దిగదు, పైననే ఆగి పైపొరను వేడెక్కిస్తుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కూడా ఎఫ్‌లేక్ అడుగుతుంది. దానికీ మన దగ్గర జవాబు లేదు.

పులికాట్‌నే తీసుకోండి. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. పోటుపాట్లను బట్టి 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరిస్తుంది. ఇది ఏ మోడల్‌కైనా కనబడుతుంది. కానీ సగటు లోతు మీటరు అటూఇటు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఎండాకాలం చూస్తే, రెండు వైపులా నీళ్లుండాల్సిన చోట తెల్లగా ఉప్పు తేలిన బురద మైదానం. దీన్ని సముద్రమనాలా, సరస్సనాలా, నేలనాలా? సముద్రమంటే లోతైన నీటి వేడి అంటగడతారు. సరస్సంటే లోతెంత అనే గొడవ. ఆ అంచు ఎక్కడ గీయాలో కొంగలకు తెలుసు, ఫ్లెమింగోలకు తెలుసు. మ్యాపుకు తెలియదు.

నదుల గురించి ఎక్కువ చెప్పను. చాలా నదులు గడికంటే సన్నవి కాబట్టి మోడళ్లు వాటిని పెద్దగా పట్టించుకోవు. కానీ నీరు ఎక్కణ్నుంచి వస్తోందన్నది ముఖ్యం. హరిద్వార్‌లో మే నెలలో గంగలో దిగితే కాళ్లు కొంకర్లు పోతాయి, అది మంచు కరిగిన నీరు. సైబీరియాలో యెనిసేయి నది, క్రాస్నోయార్స్క్ డ్యామ్ కింద చాలా దూరం చలికాలంలో కూడా గడ్డకట్టదు. డ్యామ్ అడుగు నుంచి కాస్త వెచ్చటి నీరు వదులుతారు, దాంతో ఊరి మీద పొగమంచు. ఇలాంటివి గాలి వేడిని చూసి ఊహించలేం. మన స్వర్ణముఖిది ఇంకో రకం కథ. మ్యాపులో నీలం గీత, ఎండాకాలంలో ఇసుక. ఆ ఇసుక పక్కన ఉండే పొలాలకంటే ఎక్కువ వేడెక్కుతుంది. నది చల్లబరుస్తుందని రాసుకున్న చోట, నది వేడెక్కిస్తోంది.

దీనికి తిరగబడ్డ తప్పు 2021 నవంబర్‌లో చూశాం. ఆ వరద మీకు నేను గుర్తు చేయాలా? రాయలచెరువు కట్టకు లీకు పడిందని ఊళ్లు ఖాళీ చేయించారు. స్వర్ణముఖి ఒడ్లు దాటింది. రోజుల తరబడి పొలాలు చెరువులయ్యాయి. చాలా మోడళ్ల పటాల్లో మాత్రం అదంతా పొడి నేలే. మే నెలలో లేని నీళ్లు ఉన్నాయంటాయి, నవంబర్‌లో ఉన్న నీళ్లు లేవంటాయి. మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అప్పుడు నిండి, వేసవికి అడుగంటే చెరువులు మనవి. ఏడాదంతా ఒకే మ్యాపు పెట్టుకుంటే ఏదో ఒక కాలంలో అది తప్పు కాక తప్పదు.

"సార్, మోడల్ తప్పితే తప్పనీ, థర్మామీటర్లు ఉన్నాయి కదా, దిద్దవా?" అని అడగొచ్చు. మంచి మాట. అలా దిద్దడాన్నే అనాలిసిస్ అంటారు. మోడల్ ముందు ఒక అంచనా ఇస్తుంది. దాన్ని కొలిచిన అంకెలతో పోల్చి సరిచేస్తారు. రేణిగుంట ఎయిర్‌పోర్టులో మోడల్ 41 అంది, థర్మామీటరు 43 అంది అనుకోండి. ఆ రెండు డిగ్రీలు రేణిగుంటతో ఆగవు. చుట్టుపక్కల కొన్ని పదుల కిలోమీటర్ల దాకా, దూరం పెరిగేకొద్దీ తగ్గిస్తూ కలుపుతారు. ఎందుకంటే థర్మామీటర్లు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో ఏదో ఒకటి నింపాలి. ఇప్పుడు ఆ పరిధిలో కల్యాణి డ్యామ్ నీళ్లున్నాయి. నేల రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందని నీళ్లు కూడా వేడెక్కాయా? లేదు. అయినా దానికీ కలిపేస్తే, కొలవని చోట కొలిచినట్టు అవుతుంది. అమెరికాలో 2.5 కిలోమీటర్ల గళ్లతో గంట గంటకూ చేసే ఆర్‌టీఎంఏ అనే అనాలిసిస్‌లో దీనికోసమే నేల, నీరు అని గీత గీసి, నేల మీది సవరణ నీటి మీదికి అంతగా పారకుండా కట్ట వేస్తారు. ఆ గీత తప్పుంటే కట్ట కూడా తప్పుచోట పడుతుంది.

అయితే నీళ్ల దగ్గర థర్మామీటరు పెడితే పోలా? ప్రపంచ వాతావరణ సంస్థ నియమాల ప్రకారం ఉష్ణోగ్రత కొలిచే మొదటి తరగతి స్టేషను నీటి విస్తీర్ణానికి 100 మీటర్లకు పైగా దూరంగా ఉండాలి, ఆ ప్రాంతమంతా అలాంటి నీళ్లే ఉంటే తప్ప. నియమం మంచిదే, స్టేషను తన చుట్టూ ఉన్న ప్రాంతాన్ని చెప్పాలి కాబట్టి. కానీ దాని ఫలితం చూడండి. చెరువు మీద మ్యాపు చూపించే అంకెను ఎవరూ ఎప్పుడూ కొలవలేదు, కొలిచే ఏర్పాటు కూడా లేదు. ఆ అంకె కేవలం మోడల్ నమ్మకం. ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌లో గాలి అట్టడుగు పొర దాదాపు 10 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దానికీ, కింద నీటి ఉపరితలం వేడికీ మధ్య లెక్కగట్టి మనకు "రెండు మీటర్ల ఎత్తు ఉష్ణోగ్రత" అని ఇస్తారు. నీటి వేడి తప్పయితే పైన వచ్చేదీ తప్పే.

చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(పాకాల దగ్గర నుంచి వచ్చిన రైతు: మా చెరువు పూడిక తీసి నింపితే ఊరు చల్లబడుతుందా సార్?)

అన్నా, నిజం చెప్పాలా, మీరు సంతోషపడే మాట చెప్పాలా? కట్ట పక్కన, గాలివాటం వైపు కొన్ని ఇళ్లకు కాస్త తెలుస్తుంది. ఊరంతటికీ పెద్దగా తెలియదు. పైగా గాలిలో తేమ పెరుగుతుంది. థర్మామీటరు ఒక డిగ్రీ తగ్గినా చెమట ఆరకపోతే ఒంటికి ఉక్కపోతే. చెరువు నింపుకోవడానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి. మీ బోర్లలో నీళ్లు పైకి రావడం ఒక్కటి చాలదా? చల్లదనం కోసమైతే కట్ట వెంబడి చింత, కానుగ చెట్లు పెట్టండి, నీడ ఎక్కువ మందికి అందుతుంది.

(ఒక విద్యార్థిని: నా ఫోను 36 అంటోంది, నా ఫ్రెండ్ ఫోను 39 అంటోంది. ఏది నిజం?)

రెండు యాప్‌లు రెండు మోడళ్ల నుంచి తీసుకుంటాయమ్మా. ఒకదాని గడిలో తిరుపతి, తిరుమల రెండూ ఉన్నాయనుకో. కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు, కింద ఊరు 160 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున చూసుకున్నా నాలుగున్నర డిగ్రీల తేడా. రెంటినీ కలిపి సగటు తీస్తే కొండ మీదవాళ్లకూ కాదు, కిందవాళ్లకూ కాదు. మనకు నీళ్లకంటే కొండతోనే ఎక్కువ తప్పులు వస్తాయి. కానీ కొండ ఎండాకాలం ఎండిపోదు కాబట్టి దాన్ని దిద్దడం తేలిక.

(ఇంకో విద్యార్థి: మేము ఏమైనా చేయగలమా సార్? చెరువుల మ్యాపు మేమే చేయొచ్చా?)

తప్పకుండా. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో 1984 నుంచి ఏ చోట ఏ నెలలో నీరుందో యూరప్‌వాళ్లు ప్రపంచమంతటికీ 30 మీటర్ల సూక్ష్మతతో పటాలు చేసి ఉచితంగా పెట్టారు. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్లవి, మబ్బు లేకపోతే ఐదు రోజులకోసారి దొరుకుతాయి. మన దేశంలో మొదటి జలవనరుల గణన చేసినప్పుడు 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు తేలాయి, ఆంధ్రప్రదేశ్‌లోనే లక్షా 90 వేలు. అన్నీ మీరు చేయలేరు. మీ మండలంలో పది తీసుకోండి. నెలకోసారి చిత్రంలో చూడండి, పోయి కట్ట మీద నిలబడి కూడా చూడండి. నీళ్లున్నాయి, లేవు, సగం ఉన్నాయి అని రాయండి. వీలైతే కర్రతో లోతు చూడండి, ఈత వచ్చినవాణ్ని వెంట పెట్టుకుని. ఒక ఏడాది చేస్తే, మోడల్ నడిపేవాళ్లు మీ కాపీ కోసం మీ ఇంటికొస్తారు.

నేను చెప్పిన ఆ మే నెల చెరువును కూడా ఆ పదిలో వేసుకోండి, ఎక్కడుందో తర్వాత చెప్తాను. కిందటి డిసెంబర్‌లో అటు పోయినప్పుడు మళ్లీ కట్ట ఎక్కాను. మొరవ పారుతోంది. క్రికెట్ పిల్లలు కట్ట మీద కూర్చుని గాలాలు వేస్తున్నారు. ఇంటికొచ్చి నా పాత మ్యాపు తీసి చూశాను. అక్కడ నీళ్లున్నాయని ఉంది, ఆ రోజుకు కరెక్టే. లోతు మాత్రం 50 మీటర్లని ఉంది. ఆ కట్ట ఎత్తే ఐదు మీటర్లుండదు.